జుట్టు తిరిగివచ్చే గడువు: నారాయణఖేడ్ సీమ చరిత్రలో ఒక పార్శ్వం

తల నుంచి పోయిన జుట్టు తిరిగి వచ్చేదాకా మనిషి ఎంతకాలం, ఏ ధైర్యంతో వేచి ఉంటాడు, ఆ కాలమంతా చుట్టూ ఉన్న సమాజం ఆ తలను ఏ కంటితో చూస్తుంది అన్నది వైద్యానికి ఎంత సంబంధించిన ప్రశ్నో ఆచారాల చరిత్రకూ అంతే సంబంధించిన ప్రశ్న. హైదరాబాదులో గత ఇరవై ఏళ్లుగా విస్తరిస్తున్న జుట్టు మార్పిడి చికిత్స, అంటే తల వెనుక భాగంలోని వెంట్రుకలను కుదుళ్లతో సహా తీసి బట్టతల ఏర్పడిన చోట నాటే శస్త్రచికిత్స, చేయించుకున్నవారిలో చాలామందిని మొదటి నాలుగైదు నెలల్లో ఒకే దిగులు పట్టుకుంటుంది. నాటిన వెంట్రుకలు రాలిపోతాయి, వాటి చుట్టూ ఉన్న పాత జుట్టు కూడా ఒక్కోసారి పలచబడుతుంది, అద్దంలో కనిపించే తల చికిత్సకు ముందున్న తలకంటే బోసిగా ఉంటుంది; ఇంత ఖర్చుపెట్టినా ఒత్తుగా వస్తుందో రాదోనన్న సందేహం నిద్ర పట్టనివ్వదు. జుట్టు పోగొట్టుకుని అది మొలిచే గడువు కోసం ఎదురుచూడడం తెలుగు పల్లెలకు తరతరాలుగా తెలిసిన విషయమే. అయితే ఆ రోజుల్లో బోడితలకు ఒక కారణం, ఒక గడువు ఉన్నాయని ఊరందరికీ తెలిసి ఉండేది, నేడు ఆ రెండింటినీ మనిషి తనలోనే దాచుకోవలసి వస్తున్నది. ఆ మార్పు ఎలా జరిగిందో పరిశీలించడానికి తెలుగు, కన్నడ, మరాఠీ, ఉర్దూ భాషలు కలిసే నారాయణఖేడ్ సీమ అనువైన చోటు.

నారాయణఖేడ్ నేడు సంగారెడ్డి జిల్లాలో రెవెన్యూ డివిజన్ కేంద్రం. 2016 అక్టోబరులో కొత్త జిల్లాలు ఏర్పడేదాకా అది మెదక్ జిల్లాలో ఉండేది. దానికి ముందు, 1956 నవంబరు 1న రాష్ట్రాల పునర్విభజన అమలులోకి వచ్చేవరకు, హైదరాబాద్ రాష్ట్రంలోని బీదర్ జిల్లాలో ఒక తాలూకా. ఆ పునర్విభజనలో బీదర్ జిల్లా మూడుగా చీలి, బీదర్, భాల్కి, హుమ్నాబాద్ ప్రాంతాలు మైసూరుకు, ఉద్గీర్, నీలంగ, అహ్మద్‌పూర్ ప్రాంతాలు బొంబాయి రాష్ట్రానికి, నారాయణఖేడ్ తాలూకాతో పాటు జహీరాబాద్ తాలూకాలో అధిక భాగం ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. పాలనా సరిహద్దులు మారినా మంజీరా నదికి ఇరువైపులా పెళ్లి సంబంధాలు, సంతలు, జాతరలు పాత దారుల్లోనే నడిచాయి గనుక ఇక్కడి ఆచారాలను ఒక్క తెలంగాణ ఆచారాలుగా మాత్రమే చూస్తే సగమే తెలుస్తుంది. క్షురకుణ్ణి తెలుగువారు మంగలి అని, కన్నడిగులు హడపద అని, మరాఠీవారు న్హావి అని, ఉర్దూ మాట్లాడేవారు హజ్జాం అని పిలిచిన సీమ ఇది. నేడు తెలుగు ప్రాంతాల్లో ఈ వృత్తివారు నాయీ బ్రాహ్మణులన్న పేరును గౌరవంగా ఎంచుకుని, వైద్యానికి అధిదేవత అయిన ధన్వంతరిని తమ మూలపురుషుడిగా కొలుస్తారు.

బీదర్ జిల్లాలోని బసవకల్యాణ్ 12వ శతాబ్దంలో బసవేశ్వరుని శరణ ఉద్యమానికి కేంద్రమైన కల్యాణ నగరం. బసవేశ్వరునికి అత్యంత సన్నిహితుడై ఆయన తాంబూలపు సంచిని మోసిన హడపద అప్పణ్ణ, అతని భార్య లింగమ్మ ఇద్దరూ వచనకారులు, అంటే కన్నడంలో భక్తిని, సమత్వాన్ని గద్యలయలో చెప్పిన కవులు. కల్యాణ కర్ణాటకలోని క్షురక కుటుంబాలు ఈ అప్పణ్ణను తమ కులానికి ఆదిగురువుగా భావించి జయంతి జరుపుకుంటాయి. ఊరిలో అందరి తలలనూ తాకే పని చేసినా అనేక ఇళ్లలో గడప బయటే నిలబడవలసి వచ్చిన ఒక వృత్తివర్గానికి, ఒక మహోద్యమంలో తమవాడు అగ్రపీఠాన కూర్చున్నాడన్న స్మృతి ఎంత బలమిచ్చి ఉంటుందో ఊహించడం కష్టం కాదు.

పల్లె క్షురకునికి రోజుకింత అని డబ్బు ముట్టేది కాదు. పంట కళ్లానికి వచ్చినప్పుడు ప్రతి రైతు కుటుంబమూ వడ్రంగికి, కమ్మరికి, కుమ్మరికి, చాకలికి, మంగలికి ఇంత ధాన్యమని కొలిచి ఇచ్చే పద్ధతి దక్కను అంతటా ఉండేది. మరాఠీ వాడుకలో దానిని బలుతా అని, తెలుగు వాడుకలో ఆయం అని, మేర అని అన్నారు. ఏడాది పొడవునా ఇంటిల్లిపాదికీ చేసిన పనికి ఆ ధాన్యమే ప్రతిఫలం గనుక క్షురకునికి తన ఖాతాదారుల ఇళ్లతో ఒక్కనాటి బేరంగా కాక తరాల సంబంధం ఉండేది: తాతకు గడ్డం గీసినవాడి కొడుకు మనుమడికి పుట్టువెంట్రుకలు తీసేవాడు. ఈ ఏర్పాటులో ఆత్మీయత ఉన్నట్టే అణచివేత కూడా ఉంది. నిజాం పాలనలోని తెలంగాణలో దొరల ఇళ్లకు వంతుల ప్రకారం వెళ్లి ప్రతిఫలం లేకుండా చేయవలసిన వెట్టి పనుల జాబితాలో క్షౌరం, ఒళ్లుపట్టడం కూడా ఉండేవి.

అతని పొదిలో, అంటే పనిముట్లు పెట్టుకునే తోలుసంచిలో, రెండు మూడు మంగలికత్తులు, వాటిని నూరే రాయి, పదును తీర్చే తోలుపట్టి, కత్తెర, దువ్వెన, గోళ్లు తీసే సన్నని పనిముట్టు, నీళ్లకు చిన్న గిన్నె, ఒక అద్దం ఉండేవి. మనిషిని చెట్టు నీడనో అరుగు మీదనో గొంతుకు కూర్చోబెట్టి, తలను నీళ్లతో చాలాసేపు మర్దించి వెంట్రుకలను మెత్తబరచి, నడినెత్తిన ఉన్న సుడి ఏ వైపు తిరిగిందో వేలితో చూసుకుని, వెంట్రుక వాలిన దిక్కుగానే కత్తి నడపడం అతని పనితనం. తడిసిన జుట్టు పాయలుగా విడిపోయి మాడు బయటపడుతుంది గనుక ఎవరి తల ఎక్కడ పలచబడుతున్నదో తలగలవాడికంటే ముందు క్షురకునికే తెలిసేది. ముఖ్యంగా నడినెత్తి మనిషి తన కళ్లతో చూసుకోలేని చోటు. అక్కడ మొదలైన బట్టతలను మొదట కనిపెట్టినవాడు అతడే. ఈ వృత్తివారు గడ్డలు కోయడం, పుండ్లు శుభ్రపరచి కట్లు కట్టడం, శుభకార్యాలలో సన్నాయి, డోలు వాయించడం చేసేవారని, వారి స్త్రీలు కాన్పులు చేసే మంత్రసానులని 1909లో ఎడ్గార్ థర్‌స్టన్ ప్రచురించిన దక్షిణ భారత కులాల, తెగల సంపుటాలలో నమోదైంది. పుట్టుక నుంచి చావు దాకా దేహానికి దగ్గరగా ఉన్న ఈ అనుభవాన్ని వైద్య విజ్ఞానం కాదని తోసివేయడం న్యాయం కాదు. అది రాతకెక్కని విజ్ఞానం, అంతే.

ఇటువంటి ఊళ్లో తల బోడి కావడానికి సందర్భాలు అనేకం. పుట్టిన బిడ్డకు మొదటి ఏడాదిలోనో మూడో ఏటనో ఇలవేల్పు సన్నిధిలో మేనమామ ఒడిలో కూర్చోబెట్టి పుట్టువెంట్రుకలు తీయిస్తారు. తొలి కత్తెర మేనమామ వేస్తే తరువాత క్షురకుడు అందుకుంటాడు. ముస్లిం కుటుంబాలలో బిడ్డ పుట్టిన ఏడో రోజున జరిపే అకీకా వేడుకలో తల గొరిగించి, ఆ వెంట్రుకల బరువుకు సమానమైన వెండిని దానం చేసే సంప్రదాయం ఉంది. తండ్రో తల్లో మరణిస్తే దినాల సందర్భంగా కొడుకులు, దగ్గరి దాయాదులు తల, మీసం తీయించుకుంటారు. మొక్కు చెల్లించడానికి వేములవాడ రాజన్న సన్నిధికో, మరింత శక్తి ఉంటే తిరుమలకో వెళ్లి తలనీలాలు సమర్పించి వచ్చేవారు తండాల్లోనూ ఊళ్లలోనూ ప్రతి ఏటా ఉంటారు. ఈ సందర్భాలన్నింటిలోనూ సమానమైన అంశమొకటి ఉంది. బోడితల అక్కడ ఒక వార్త: చూసినవాడు మొక్కు తీర్చుకుని వచ్చారా అని అడుగుతాడు, లేదా ఇంట్లో చావు జరిగిందని గ్రహించి గొంతు తగ్గించి మాట్లాడతాడు. నెత్తి మీద సన్నని మొలక, ఆ తరువాత ముళ్లలా నిలిచే పొట్టి జుట్టు, ఆపై దువ్వెనకు అందే జుట్టు, ఇలా ప్రతి దశ ఊరికి పరిచయమే. నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరిగే జుట్టు తన వేగంతో తాను వస్తుందన్న విషయంలో ఎవరికీ సందేహం ఉండదు.

పిల్లలకు గుండు చేయిస్తే జుట్టు ఒత్తుగా వస్తుందన్న నమ్మకం ఈ ఆచారాలతోనే అల్లుకుని ఉంది. అమెరికాలో శరీర నిర్మాణ శాస్త్రవేత్త మిల్డ్రెడ్ ట్రాటర్ 1928లో ప్రచురించిన పరిశోధనలో, గొరగడం వల్ల వెంట్రుక మందంలో గాని పెరిగే వేగంలో గాని మార్పు రాదని కొలతలతో చూపించింది. కత్తి తెగగొట్టేది చర్మం పైన ఉన్న నిర్జీవమైన కాడను మాత్రమే, కుదురు చర్మం లోపల కొన్ని మిల్లీమీటర్ల లోతున క్షేమంగా ఉంటుంది. ముట్టని వెంట్రుక కొస సన్నగా తేలి ఉంటుంది, గొరిగిన వెంట్రుక కొస మొద్దుగా ఉంటుంది గనుక చేతికి గరుకుగా, కంటికి దట్టంగా తోస్తుంది. పసిబిడ్డ విషయంలో వయసుతో పాటు సహజంగానే మృదువైన జుట్టు పోయి ముదురు జుట్టు వస్తుంది గనుక ఆ ఖ్యాతి కూడా గుండుకే దక్కింది. నమ్మకం శాస్త్రీయం కాకపోయినా దానివల్ల కలిగిన మేలు ఒకటి గుర్తించవలసినది: బోడితలను లోటుగా కాక రాబోయే ఒత్తుదనానికి తొలిమెట్టుగా చూసే అలవాటు సమాజానికి అబ్బింది.

మరొక సందర్భం జ్వరం. టైఫాయిడ్ వంటి దీర్ఘ జ్వరాలు ఊళ్లను పట్టి పీడించిన కాలంలో, మనిషి కోలుకుని మంచం దిగిన రెండు మూడు నెలలకు జుట్టు గుప్పెళ్లుగా ఊడడం అందరూ ఎరిగినదే. ఊడగా మిగిలిన పలచని జుట్టును క్షురకుడు పూర్తిగా తీసేసేవాడు. కొత్త జుట్టు ఒకేసారి మొలిచి సమంగా వచ్చేది. కాన్పు తరువాత మూడో నాలుగో నెలలో తల్లులకు జుట్టు రాలడం కూడా ఇదే కోవలోనిది. ఈ పరిణామానికి 1961లో అమెరికన్ చర్మవైద్యుడు ఆల్బర్ట్ క్లిగ్‌మన్ టెలోజెన్ ఎఫ్లూవియం అని పేరుపెట్టాడు. దానిని అర్థం చేసుకోవాలంటే జుట్టు జీవితచక్రాన్ని తెలుసుకోవాలి. తల మీద ఉన్న సుమారు 1,00,000 వెంట్రుకలలో నూటికి 85 నుంచి 90 ఎప్పుడూ పెరుగుదల దశలో ఉంటాయి, ఆ దశ రెండు నుంచి ఆరేళ్లు సాగుతుంది. ఆ తరువాత రెండు మూడు వారాల పాటు కుదురు కుంచించుకుపోయి, సుమారు మూడు నెలలు విశ్రాంతి దశలో ఉండి, పాత కాడను విడిచిపెట్టి కొత్త కాడను మొలిపిస్తుంది. ఆరోగ్యవంతుడికి రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం ఈ చక్రం వల్లనే. జ్వరమో ప్రసవమో రక్తస్రావమో శరీరానికి గట్టి దెబ్బ అయినప్పుడు పెరుగుతున్న వెంట్రుకలు పెద్ద సంఖ్యలో ఒక్కసారిగా విశ్రాంతిలోకి జారుకుంటాయి, అందుకే దెబ్బకూ రాలడానికీ మధ్య నెలల వ్యవధి ఉంటుంది. కుదురు చావలేదు గనుక జుట్టు తిరిగి వస్తుంది. 2020, 2021 సంవత్సరాలలో కోవిడ్ నుంచి కోలుకున్న అనేకులు ఈ అనుభవాన్నే పొందారు.

ఈ గడువు, ఈ ఊరడింపు అందరికీ దక్కలేదన్న విషయాన్ని దాటవేస్తే చరిత్రకు అన్యాయం జరుగుతుంది. బ్రాహ్మణ కుటుంబాలలోను, వారి ఆచారాన్ని అనుసరించిన కొన్ని ఇతర కుటుంబాలలోను భర్త పోయిన స్త్రీకి శిరోముండనం చేయించి, మొలిచిన ప్రతిసారీ మళ్లీ తీయిస్తూ జీవితాంతం ఆమెను అలాగే ఉంచారు. జుట్టు తిరిగి రావడానికి దేహం సిద్ధంగా ఉన్నా సమాజం అనుమతించని బోడితల అది. ఆ పని చేయవలసి వచ్చిన క్షురకులలో మనస్సాక్షి మేల్కొన్న ఘట్టం కూడా దక్కను చరిత్రలో ఉంది: మహాత్మా జ్యోతిరావు ఫూలే సత్యశోధక ఉద్యమ ప్రభావంతో, కార్మిక నాయకుడు నారాయణ్ మేఘాజీ లోఖండే చొరవతో, 1890లో బొంబాయి క్షురకులు సమావేశమై వితంతువుల తలలు గొరగబోమని నిర్ణయించుకున్నారు. ఖాతాదారుల ఇళ్ల మీదనే ఆధారపడి బతికే వృత్తివారు ఆ ఇళ్లను ధిక్కరించడం సామాన్యమైన సాహసం కాదు.

బట్టతల విషయం వేరు. దానికి మొక్కు లేదు, మైల లేదు, గడువు అంతకన్నా లేదు. గుండ్రని మచ్చలుగా జుట్టు ఊడే పేనుకొరుకుడుకు గురివింద గింజను అరగదీసి పూయడం, ఉల్లిపాయ రుద్దడం ఇంటింటా తెలిసిన చిట్కాలు. సుశ్రుత సంహిత ఈ వ్యాధిని ఇంద్రలుప్తమని పేర్కొని, చర్మం మీద గాట్లు పెట్టి గురివింద ముద్ద పూయమని చెప్పింది. గురివింద గింజ తీవ్రమైన విషం గనుక ఈ చిట్కా నేడు ఆచరించదగినది కాదు. పేనుకొరుకుడుకు పేలతో సంబంధం లేదని, శరీర రక్షణ వ్యవస్థ తన కుదుళ్ల మీదనే దాడి చేయడం దానికి కారణమని, చాలామందిలో అది తనంతట తానే తగ్గుతుందని ఇప్పుడు తెలుసు. తండ్రి తాతల నుంచి దిగివచ్చే బట్టతల అలా తగ్గేది కాదు. పురుష హార్మోను ప్రభావం లేనిదే అది రాదని అమెరికన్ శరీర శాస్త్రవేత్త జేమ్స్ హామిల్టన్ 1942లో నిరూపించాడు. నుదురు, నడినెత్తి భాగాల కుదుళ్లు ఆ ప్రభావానికి ఏటేటా కుంచించుకుపోగా, తల వెనుక, చెవుల పైన ఉన్న కుదుళ్లు దానికి లొంగవు.

బోసిపోయిన చోట వేరొక జుట్టును నాటాలన్న ఊహ తెలుగువారి పుణ్యకథలో ముందే ఉండడం విశేషం. పశువుల కాపరి గొడ్డలి దెబ్బకు శ్రీనివాసుని తల మీద కొంత మేర జుట్టు పోయిందని, అది చూసిన గంధర్వ రాకుమారి నీలాదేవి తన శిరోజాలలో కొన్నింటిని తీసి ఆ చోట అమర్చిందని, ఆమె త్యాగానికి మెచ్చిన స్వామి భక్తులు అర్పించే తలనీలాలు ఆమెకే చెందుతాయని వరమిచ్చాడని తిరుమల స్థలకథ. ఏడుకొండలలో నీలాద్రి ఆమె పేరనే వెలసింది. ఆ కథలో జుట్టు నాటగానే అతుక్కుంది. నిరీక్షణ ప్రసక్తి లేదు. తిరుమల కల్యాణకట్టలో రాలిన జుట్టు మాత్రం ఇరవయ్యో శతాబ్దంలో దూరదేశాలకు ప్రయాణించింది. పాశ్చాత్య దేశాల్లో సవరాలకు, విగ్గులకు గిరాకీ పెరగడం, 1966లో అమెరికా చైనా జుట్టును నిషేధించడం భారతీయ వర్తకానికి కలిసివచ్చాయి. దేవస్థానానికి వేలం ద్వారా ఏటా వంద కోట్ల రూపాయలకు పైగా ఆదాయం సమకూరే స్థితి ఏర్పడింది. 2004లో యూదు మతగురువు యోసెఫ్ షాలోమ్ ఎల్యాషివ్ దేవుడికి అర్పించిన ఈ జుట్టుతో చేసిన విగ్గులు తమ స్త్రీలు ధరించరాదని తీర్పు చెప్పినప్పుడు న్యూయార్కు వీధుల్లో విగ్గులను తగలబెట్టారు. ఊళ్లలో దువ్వెనకు చిక్కిన వెంట్రుకలను ఉండచుట్టి గోడ సందులో దాచి, వెంట్రుకలు కొనేవాడు వచ్చినప్పుడు బుగ్గలకో పిన్నులకో స్టీలు గిన్నెలకో మార్చుకోవడం తెలంగాణ ఇళ్లలో నేటికీ ఉన్నదే.

శస్త్రచికిత్సగా జుట్టు మార్పిడి జపాన్‌లో పుట్టింది. చర్మవైద్యుడు షోజి ఒకుడ 1939లో, కాలిన గాయాల వల్ల జుట్టు పోయినవారికి సన్నని గొట్టపు కత్తితో జుట్టున్న చర్మపు ముక్కలు తీసి నాటిన పద్ధతిని ప్రచురించాడు. 1943లో హజిమె తమురా ఇంకా చిన్న ముక్కలతో, ఒక్కొక్క వెంట్రుకతో కూడా ఈ పని చేయవచ్చని చూపించాడు. ప్రపంచ యుద్ధం వల్ల ఆ వ్యాసాలు జపాన్ దాటలేదు. న్యూయార్కులో నార్మన్ ఒరెంట్రైక్ 1952లో బట్టతలకు ఈ చికిత్స చేసి, 1959లో ప్రకటించిన వ్యాసంలో దాతృ ప్రాబల్యమన్న సూత్రాన్ని వివరించాడు: తల వెనుక నుంచి తెచ్చిన కుదురు ఎక్కడ నాటినా తన పుట్టుచోటి గుణాన్నే నిలుపుకుంటుంది, కొత్త చోటి బట్టతలకు లొంగదు. ఆయన నాటిన ముక్కలు సుమారు 4 మిల్లీమీటర్ల వెడల్పున్నవి గనుక జుట్టు గుబుర్లు గుబుర్లుగా, బొమ్మ తలలా కనిపించేది. జుట్టు సహజంగా ఒకటి నుంచి నాలుగు వెంట్రుకల చిన్న గుంపులుగా మొలుస్తుందని 1984లో హెడింగ్టన్ వర్ణించడం, 1988 నుంచి టెక్సాస్‌లో లిమ్మర్ సూక్ష్మదర్శిని కింద ఆ గుంపులను విడదీసి నాటడం, 2002లో రాస్‌మన్, బెర్న్‌స్టీన్ బృందం ఒక్కొక్క గుంపునే నేరుగా తల వెనుక నుంచి పెకలించే ఎఫ్‌యూఈ పద్ధతిని ప్రచురించడం నేటి చికిత్సకు మెట్లు. ఈ గుంపులనే ఆసుపత్రులలో గ్రాఫ్టులు అంటారు.

వందకు పైగా కిలోమీటర్ల దూరంలో ఉన్న హైదరాబాదుకు చదువులకు, ఉద్యోగాలకు వెళ్లిన నారాయణఖేడ్ యువతకు ఈ చికిత్స ఆ నగరంలోనే పరిచయమవుతుంది. పెళ్లిచూపులు దగ్గరపడుతున్నాయన్న తొందర, ఫోటోలలో కనిపించే నుదురు గురించిన సంకోచం ఆ నిర్ణయానికి సాధారణ ప్రేరణలు. గుండు చేయించుకున్నవాడిని మొక్కు తీర్చుకున్నావా అని అడిగే ఊరు, గ్రాఫ్టులు వేయించుకున్నవాడిని ఏమని అడగాలో ఇంకా నేర్చుకోలేదు, అతడూ చెప్పడు. టోపీ పెట్టుకుని, ఇంటికి రావడం వాయిదా వేసుకుని, అద్దం ముందు ఒంటరిగా వెంట్రుకలు లెక్కపెట్టుకోవడం అతని పాలబడింది. పాత ఎదురుచూపు, కొత్త ఎదురుచూపు వేరుపడింది ఇక్కడే.

దేహం పాటించే క్రమం మాత్రం పాతదే. నాటిన చోట చిన్న చిన్న పెచ్చులు కట్టి, సుమారు పది రోజుల్లో రాలిపోతాయి. రెండో వారం నుంచి రెండో నెల లోపల నాటిన వెంట్రుకల కాడలు అధిక భాగం ఊడిపోతాయి. రక్తప్రసారం కొంతసేపు తెగి, కొత్త చోట తిరిగి అతుక్కోవలసి వచ్చిన కుదురు ఆ దెబ్బకు విశ్రాంతి దశలోకి వెళ్లి కాడను విడిచిపెట్టడమే దీనికి కారణం. టైఫాయిడ్ తరువాత ఊళ్లో జరిగినది తల అంతటా, ఇక్కడ జరిగేది నాటిన మేర మాత్రమే. దిండు మీద రాలిన వెంట్రుక చివర తెల్లని చిన్న ఉండ కనిపిస్తే కుదురే పోయిందని చాలామంది బెదిరిపోతారు గాని అది విశ్రాంతి దశలోని కాడకు సహజంగా ఉండే మొదలు మాత్రమే, కుదురు చర్మంలోనే ఉంటుంది. చుట్టుపక్కల ఉన్న పాత వెంట్రుకలు కూడా చికిత్స తాకిడికి రాలడాన్ని షాక్ లాస్ అంటారు. అప్పటికే సన్నబడి ఊడిపోవడానికి సిద్ధంగా ఉన్నవి కొన్ని తిరిగి రాకపోవచ్చు, బలంగా ఉన్నవి వస్తాయి. మూడో నాలుగో నెలలో మొలక మొదలై, ఒక్కో గుంపు ఒక్కో సమయంలో మేల్కొంటుంది గనుక తొలి జుట్టు అక్కడొకటి ఇక్కడొకటిగా, సన్నగా, కొన్నిసార్లు ఉంగరాలు తిరిగి ఉంటుంది. ఆరో నెలకు మెరుగుదల స్పష్టమై, కాడ మందం పెరుగుతూ 12 నెలలకు ఫలితం తేలుతుంది. నడినెత్తి భాగానికి 18 నెలలు పట్టవచ్చు. అంటే మొదటి మూడు నెలల్లో ఒత్తుదనాన్ని అంచనా వేయడం ఎవరికీ సాధ్యం కాదు.

ఒత్తుదనం అన్న మాటకు కొలత కూడా ఉంది. సహజమైన తల మీద చదరపు సెంటీమీటరుకు సుమారు 70 నుంచి 100 గుంపులు ఉంటే, ఒక విడత చికిత్సలో సాధారణంగా 30 నుంచి 45 వరకు నాటుతారు. దగ్గర దగ్గరగా ఎక్కువ నాటితే రక్తం చాలక కుదుళ్లు చచ్చే ప్రమాదం ఉంది, పైగా తల వెనుక ఉన్న నిల్వ పరిమితం. సహజమైన ఒత్తుదనంలో సగం దాకా తగ్గినా ఎదుటివారి కంటికి ఆనదని వైద్యులు చెబుతుంటారు, చికిత్స అంతా ఆ వెసులుబాటు మీదనే ఆధారపడి ఉంది. ఈ లెక్కను ముందుగా విడమరచి చెప్పని చోట, ఇరవై ఏళ్లనాటి తల తిరిగి వస్తుందని ఆశపెట్టిన చోట దిగులు రెట్టింపవుతుంది, ఆ దిగులుకు బాధ్యత రోగిది కాదు. అన్ని దిగుళ్లనూ ఓపిక పట్టమని తోసిపుచ్చడం కూడా తప్పే: పెరిగే నొప్పి, వ్యాపించే ఎరుపు, చీము, జ్వరం, నాటిన చోట చర్మం నల్లబడడం వంటివి కనిపిస్తే అదే రోజు వైద్యుణ్ణి చూడాలి, ఏడాది దాటినా మొలక లేకపోతే కుదుళ్లు నిలవలేదనే భావించాలి. శిక్షణ లేని చేతుల్లో ఈ చికిత్స ప్రాణాపాయానికి కూడా దారితీయగలదు గనుక 2022 సెప్టెంబరులో జాతీయ వైద్య కమిషన్, శస్త్రచికిత్సలో తగిన శిక్షణ పొందిన వైద్యులే దీనిని చేయాలని, వర్క్‌షాపులో గాని యూట్యూబులో గాని చూసి నేర్చుకోవడం శిక్షణ కాదని స్పష్టం చేసింది.

ఊరి క్షురకుని స్థానం ఈ కాలంలో పూర్తిగా మారింది. బలుతా, మేర దాదాపుగా అంతరించి, చెట్టు నీడ పోయి, తిరిగే కుర్చీ, ఎదురూ వెనకా అద్దాలు, కరెంటు మిషను ఉన్న కటింగ్ షాపు వచ్చింది. 2021 ఏప్రిల్ నుంచి తెలంగాణ ప్రభుత్వం ఈ షాపులకు నెలకు 250 యూనిట్ల దాకా ఉచిత విద్యుత్తు ఇస్తున్నది. అయినా తలను అతి దగ్గరగా చూసేవాడు నేటికీ అతడే. మిషను తిప్పుతూ ఉండగా తల వెనుక చుక్కలు చుక్కలుగా తెల్లని మచ్చలు కనిపిస్తే గ్రాఫ్టులు తీసిన చోటని అతను గుర్తుపడతాడు. ఇంట్లోవారికి చెప్పని సంగతి అతని దగ్గర దాగదు. చికిత్స జరిగిన మొదటి వారాల్లో నాటిన మేర కత్తి, మిషను తగలకూడదని, కత్తెరతో సరిచేయడానికి కూడా సుమారు నెల ఆగి వైద్యుణ్ణి అడగాలని, మిషను, మంగలికత్తి విషయంలో ఇంకా ఎక్కువ నెలలు ఆగాలని అతనికి తెలిసి ఉండడం అవసరం. కుదుళ్లు పూర్తిగా స్థిరపడిన తరువాత, ఏడాది దాటాక, గుండు చేయించుకున్నా నాటిన జుట్టు తక్కిన జుట్టుతో పాటే తిరిగి మొలుస్తుంది గనుక తలనీలాల మొక్కుకు చికిత్స శాశ్వతమైన అడ్డంకి కాదు.

చిక్కు వచ్చేది చికిత్స జరిగిన కొద్ది వారాలకే ఇంట్లో ఒక మరణం సంభవించి, కొడుకు దినాలకు తల తీయించుకోవలసి వచ్చినప్పుడు. ఈ సీమలో తల్లిదండ్రుల కర్మకు తల ఇవ్వకపోవడం తేలికగా తీసుకునే విషయం కాదు. అయితే తిరుమలలో స్త్రీలు పూర్తి ముండనానికి బదులు మూడు కత్తెరలు ఇచ్చే పద్ధతి ఎప్పటినుంచో చెల్లుబాటవుతున్నది, అంటే కొద్దిపాటి వెంట్రుకలతో సమర్పణను పూర్తి చేసే వెసులుబాటు సంప్రదాయంలోనే ఉంది. నాటిన మేరను ముట్టకుండా తల వెనుక నుంచి కొన్ని వెంట్రుకలు కత్తెరతో తీయడం అటువంటి సందర్భంలో వైద్యానికి విరుద్ధం కాదు. దానిని కర్మకు చాలినదిగా అంగీకరించవలసింది కుటుంబ పెద్దలు, పురోహితుడు. అందుకోసం ఆ కొడుకు తనకు జరిగిన చికిత్స సంగతి వారికి చెప్పవలసి ఉంటుంది.